దీవెన ఓరగా చూసే చూపు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా పేరు సుగుణ, మాది పాలమూరు దగ్గర పల్లె, నా భర్త యోహాను మేస్త్రీ పని చేస్తాడు, పెళ్లయినప్పటి నుంచి చిక్కడపల్లిలోనే కిరాయికి ఉంటున్నాము. మా పాప దీవెనకు నాలుగో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి. నారాయణగూడలో ఒక డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, పుట్టుకతోనే జన్యువులో వచ్చిన అరుదైన లోపమని చెప్పింది.

"కండ్లు మంచిగనే ఉన్నయమ్మా. కండ్లు చూసింది మెదడుకు అర్థమైతలేదు" అన్నది.

నేను పిలిస్తే పాప ముఖం అవతలికి తిప్పుకునేది. కన్నతల్లినే వద్దనుకుంటున్నదని నా మనసు విరిగిపోయింది. రెండేళ్లు స్వస్థత కూటం ఎక్కడ జరిగితే అక్కడికి ఎత్తుకొని తిరిగాను, ఒకచోట ఒకామె నా పాపమే బిడ్డకు తగిలిందన్నప్పటి నుంచి మందిరానికి పోవడం మానేశాను, చివరికి అన్నం తినిపిస్తూ కూడా బిడ్డ ముఖం చూడడం మానేశాను. దేవుని ఎదుట ఇది దాచను.

ఒకరోజు పాపకు స్నానం చేయిస్తూ, "ప్రభువా, దానికి చూపు ఇయ్యకున్నా సరే, నాకు దాని మీద ప్రేమ ఇయ్యి" అని ఏడ్చాను. అంతకుముందు ఎన్నడూ నా కోసం అడగలేదు.

ఆ వారమే డాక్టరమ్మ మమ్మల్ని విద్యానగర్‌లో ఇలాంటి పిల్లలకు నేర్పే టీచరమ్మ దగ్గరకు పంపింది. పాప చూపు చెదరకుండా ఆమె ఫ్యాను ఆపి, నా పూల చీర మీద నల్ల దుప్పటి కప్పి, చేతికి ఎర్ర గిన్నె ఇచ్చింది.

"మెల్లగ ఊపక్కా. మాట్లాడకు, జర ఆగు."

చాలాసేపు ఆగాము. దీవెన ఎప్పటిలాగే ముఖం తిప్పుకుంది.

"చూడు మేడం, మళ్ల తిప్పుకున్నది" అన్నాను.

"గది తిప్పుకునుడు కాదక్కా, గట్లనే చూస్తది. ఇట్లాంటి పిల్లలు చానామంది పక్కచూపుతోనే చూస్తరు. కండ్ల కొస చూడు."

వంగి చూశాను. ముఖం గోడవైపే ఉంది గానీ కళ్లు ఓరగా గిన్నె వెంటే కదులుతున్నాయి. కాసేపటికి ఆ చిన్న చేయి వచ్చి గిన్నెను తాకింది. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు నన్ను చూడడానికే అట్లా తిరిగిందో! అక్కడే నేల మీద కూర్చొని బిడ్డను గుండెలకు హత్తుకున్నాను.

జబ్బు పోలేదు, సహోదరులారా, అబద్ధం చెప్పను. ఫిట్స్‌కు మందులు వేస్తూనే ఉన్నాము, నడక ఇంకా రాలేదు. ఆనాడు విడుదల పొందింది నేను, అందుకు దేవునికే మహిమ. ఆ తర్వాతి ఆదివారం నుంచే బిడ్డను ఎత్తుకొని మళ్లీ మందిరానికి వస్తున్నాను. మీలో ఎవరైనా ఇలాంటి బిడ్డను పెట్టుకొని, నలుగురు ఏమంటారోనని మందిరానికి రాలేకపోతుంటే, ఆయనను నమ్మి, వచ్చే ఆదివారం బిడ్డను తీసుకురండి. వెనక వరుసలో గోడ పక్కన మేము కూర్చుంటాము, అక్కడ చప్పుడు తక్కువ, మీకూ చోటు ఉంచుతాము.