దోర్ల పంతులు రాసిన బతుకు

ఆవపల్లి బడిలో నాతో పనిచేసిన దోర్ల తెగ పంతులు ఏ వాక్యమైనా ముందు తన భాషలో మెల్లగా పలికి, తర్వాతే హిందీలో రాసేవాడు.

బస్తర్ సంస్థానం విలీనమైన కొన్నేళ్లకు, చదువుకున్న ఆదివాసుల బతుకులతో సర్కారు పుస్తకం వేస్తుందని ఆయన్నీ రాయమన్నారు. అడవిలో కట్టెలు కొట్టినందుకు తండ్రిని అటవీ జవాన్లు చెట్టుకు కట్టేసి కొట్టిన సంగతి రాశాడు. వర్షాకాలమంతా తల్లి అడవి దుంపలు ఉడికించి పెట్టిన సంగతీ రాశాడు. పై అధికారి మొదట దెబ్బలు తీసేయమన్నాడు. రెండోసారి ఆకలి తీసేయమన్నాడు.

"ఏంది సారూ, ఇంక కొట్టేసేటందుకు నాలో ఏమున్నది?" అని నాతో అన్నాడు. మూడోసారి పెదవి కదపకుండా, నేరుగా హిందీలోనే రాసిచ్చాడు.

పుస్తకం అచ్చయి వచ్చాక ఆయన తల్లి బడికి వచ్చింది. "మావోడు రాసింది చదువు సారూ" అంది. బడి, రోడ్డు, కొలువు, సర్కారు దయ అన్నీ తెలుగులో చెప్పాను. ఓపిగ్గా వింది.

"బాగున్నది. ఇది వేరేటోళ్లది గదా, మావోడిది చదువు" అంది.

నేను పంతులు వైపు చూశాను.

"మనోళ్లది అచ్చు కాలేదమ్మా," అన్నాడాయన, పుస్తకం మూసేస్తూ.