ఫ్యాన్ బెల్టు కోసం పుత్లీబౌలి దాకా

చిన్నప్పుడు బడి గంట కొట్టే వేళకు నేను బర్రెల వెంట చెలకల్లో ఉండేదాన్ని. పెళ్లయ్యాక పొలం పని, వంట, పిల్లలు. నలభై దాటాక, అంగన్‌వాడీ గదిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పుతున్నారని తెలిసి వెళ్లి కూర్చున్నాను. అంతకుముందు ఎంత దూరం తిరిగి వచ్చినా నోటితో చెప్పడమే తప్ప రాయడం నాకు చేతకాలేదు. ఇప్పుడు రాస్తున్న ఈ ప్రయాణం చిన్నదే. శంషాబాద్ నుంచి పుత్లీబౌలికి, మళ్లీ ఇంటికి. పాత కారును ఇంటి దగ్గరే బాగుచేసుకునే వాళ్లకు దారి తెలుస్తుందని రాస్తున్నాను.

మా ఆయన యాదయ్య విమానాశ్రయానికి కారు నడుపుతాడు. మాది పాత డీజిల్ కారు. షెడ్డుకు తీసుకెళ్లిన ప్రతిసారీ సంపాదనంతా అక్కడే ఖర్చవుతోందని, ఆయిలు మార్చడం, ఫిల్టరు దులపడం, బ్రేకులు సరిచేయడం ఇంట్లోనే మొదలుపెట్టాం. ఆయన కారు కింద పడుకునేవాడు, నేను పానాలు అందించేదాన్ని. అలా అందిస్తూ ఉండగానే ఏ నట్టుకు ఏ పానా పడుతుందో నా చేతికి తెలిసిపోయింది.

అప్పటికి విమానాశ్రయం వచ్చి కొన్నేళ్లయింది. ఆ దసరాకు కారు కడిగి, బానెట్ ఎత్తి పెట్టి, పసుపు కుంకుమలు తేవడానికి నేను లోపలికి వెళ్లాను. లోపల ఇంజన్ తిప్పే ఫ్యాన్ బెల్టు అప్పటికే కొన్నాళ్లుగా కీచుమంటోంది. మా అత్తమ్మ సగం జీవితం ఎద్దులబండి మీద గడిపిన మనిషి. ఇరుసు అరిస్తే నూనె పెట్టాలి, అంతే ఆమెకు తెలిసింది. పసుపులో మంచినూనె కలిపి బెల్టుకు పొడవునా రాసి, నడుమ నడుమ కుంకుమ బొట్లు కూడా పెట్టింది. నేను వచ్చేసరికి బెల్టు పెళ్లికూతురిలా మెరుస్తోంది.

యాదయ్య బండి స్టార్ట్ చేయగానే అది ఊరంతా వినిపించేలా కేక పెట్టింది. బెల్టు పట్టు దొరక్క జారిపోతోంది. బ్యాటరీ ఎర్ర లైటు వెలిగింది, ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచింది.

"ఏం జేసినవే అవ్వా!" అని నెత్తి పట్టుకున్నాడు.

"సప్పుడు పోవాల్నని పెట్టిన. ఇరుసుకు పెడ్తె పోతుండె గదా," అంది అత్తమ్మ.

సబ్బునీళ్లతో కడిగినా లాభం లేకపోయింది. నూనె తాగిన రబ్బరు ఒకచోట చీలింది కూడా. అత్తాపూర్‌లో ఉండే ఒక ఆఫీసు పెద్దాయనను ఎల్లుండి తెల్లవారుజామున విమానాశ్రయంలో దింపాలి. అది కుదిరితే ఆ ఆఫీసు వాళ్ల రాకపోకలన్నీ మాకే ఇస్తామన్నారు. బండి రాకపోతే ఇంకో బండి చూసుకుంటామని కూడా అన్నారు. పండగకు షెడ్లన్నీ మూతపడ్డాయి.

మర్నాడు యాదయ్య తన దోస్తు కారు నడపడానికి పోవాల్సి వచ్చింది. బెల్టు తెచ్చే పని నాకు పడింది.

"జర పైలం. పెద్దది తేకు, చిన్నది తేకు," అన్నాడు.

"మరెసొంటిది తేవాలె?"

"సరిపోయేది తే."

తొమ్మిది గంటలకు శంషాబాద్‌లో అఫ్జల్‌గంజ్ బస్సు ఎక్కాను. పండగ మర్నాడు కాబట్టి సీటు దొరికింది. పాత బెల్టును కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన తెల్లటి పంచెలో ఒక ముసలాయన కూర్చున్నాడు. కండువా కొంగులోంచి, దసరాకు బంగారమని పంచుకునే జమ్మి ఆకులు నాలుగు తీసి, "బంగారం తీస్కో బిడ్డా," అని నా చేతిలో పెట్టాడు. నేను కాళ్లకు మొక్కాను. ఆయన కళ్లు నా మూట మీద పడ్డాయి. కాగితం నిండా పచ్చటి నూనె ఊరింది.

"పులిహోరనా?"

"కాదు తాతా, కారు బెల్టు."

"బెల్టుకు తాలింపు ఎవరు పెట్టిండ్రు?"

అత్తమ్మ సంగతి చెప్పాను. ఆయన ఆరాంఘర్ దాకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత నిద్రపోయాడు. నాకూ కళ్లు మూతపడ్డాయి. విమానం నీడ ఒకటి రోడ్డు దాటి, గోడలు దాటి, బస్సు మీదుగా పోయినట్టు అనిపించింది. అది కలో నిజమో ఇప్పటికీ తెలియదు. కళ్లు తెరిచేసరికి పురానాపూల్ వంతెన, కింద సన్నటి మూసీ.

అఫ్జల్‌గంజ్‌లో దిగి పుత్లీబౌలికి నడిచే వెళ్లవచ్చు. కారు సామాన్ల దుకాణాలన్నీ ఆ వీధుల్లోనే ఉన్నాయి. పండగ మర్నాడు మాత్రం తొందరపడి వెళ్లకండి. షట్టర్లన్నీ దించే ఉన్నాయి, వాటికి నిన్నటి బంతిపూల దండలు వేలాడుతున్నాయి. వీధంతా పూలవాసన, దాని అడుగున గ్రీజు వాసన. ఇరానీ చాయ్ తాగి ఒక మెట్టు మీద కూర్చున్నాను. ఒక్కటీ తెరవకపోతే ఎలాగని ఒక్కో షట్టరు వైపూ చూస్తూనే ఉన్నాను.

పదకొండు దాటాక ఒక షట్టరు లేచింది. దుకాణదారు తెల్లగడ్డం ఆయన. పాత బెల్టు పక్కన కొత్తది పెట్టి కొలవమన్నాను.

"అట్ల కొలిచేది కాదమ్మా. నంబర్ చదువు."

కొంగుతో పసుపు తుడిచి, ఒక్కో అంకె చదివాను. ఆయన ఇచ్చిన బెల్టు పాతదానికంటే చిన్నగా ఉంది.

"చిన్నగుంది గదా భాయ్?"

"పాతది సాగింది. కొత్తగున్నప్పుడు గింతే ఉండె. తీస్కపో."

యాదయ్య మాట గుర్తుకొచ్చి చెయ్యి వెనకాడింది. కానీ నంబరు చదివింది నేనే. తీసుకున్నాను.

ఒంటిగంట బస్సులో తిరుగు ప్రయాణం. బెల్టును పక్క సీట్లో పెట్టాను. కండక్టరు చూశాడు.

"దానికి గూడ టికెట్ కొట్టాల్నా అక్కా?"

"పాలు తాగే పిల్ల అన్నా, ఒళ్లె వెట్టుకుంట."

శంషాబాద్ దగ్గరపడుతుంటే మబ్బు పట్టి ఎండ మెత్తబడింది. దూరంగా విమానాలు ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా, నీళ్లలో దిగుతున్నట్టు దిగుతున్నాయి. ఇన్నేళ్లూ ఎవరి వెనకో నడుస్తూ తిరిగిన పట్నమే ఇది. ఆ రోజు మాత్రం ఆ వీధులు నాకోసమే తెరుచుకున్నట్టు, నన్ను నెమ్మదిగా ఇంటిదాకా దిగబెట్టినట్టు అనిపించింది.

పొద్దుగూకే ముందే యాదయ్య వచ్చాడు. బెల్టు తిరిగే పుల్లీలను తుడిచి, బ్యాటరీకి కరెంటిచ్చే డైనమో బోల్టు వదులు చేశాం. కొత్త బెల్టు కింది రెండు పుల్లీలకు పట్టింది. పైదానికి ఎంత లాగినా ఎక్కలేదు.

"చిన్నది తేకు అన్న గదనే! ఇగ ఏం జేద్దాం?" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

నిన్నటి నుంచి మూలన ముడుచుకు కూర్చున్న అత్తమ్మ అక్కడినుంచే అంది. "మోటబాయి గిలకకు తాడు గుంజి ఎక్కిస్తుంటిమా? అంచుకు తగిలిచ్చి గిలకనే తిప్పుతుంటిమి."

యాదయ్య నన్ను చూశాడు. నేను బెల్టును పుల్లీ అంచుకు తగిలించి పట్టుకున్నాను. ఆయన కింది పుల్లీ నట్టుకు పానా వేసి మెల్లగా తిప్పాడు. వేళ్లు వెనక్కి తీసుకునేలోపే బెల్టు టక్కున గాడిలో పడింది. ఇనుప కడ్డీతో డైనమోను వెనక్కి ఒత్తిపట్టి బోల్టు బిగించాను. మీరు చేసేటప్పుడు ఇంజన్ ఆపి ఉంచండి, వేళ్లు జాగ్రత్త.

మర్నాడు తెల్లవారకముందే నేను కూడా కారెక్కి ముందు సీట్లో కూర్చున్నాను. అత్తాపూర్‌లో పెద్దాయన ఎక్కి, నన్ను చూసి ఆగాడు.

"ఈవిడెవరండీ?"

"మా ఇంటామె సార్. బెల్టు ఏసింది. సప్పుడు వినేతందుకు వచ్చింది."

"ఏం చప్పుడండీ?"

యాదయ్య చెవి బానెట్ వైపు పెట్టి బండి కదిలించాడు. పెద్దాయన కూడా ఫోను పక్కన పెట్టి వినసాగాడు. విమానాశ్రయం రోడ్డు ఎక్కాక దీపాల వరుసలు మంచులో తేలుతున్నాయి. నేను అద్దం దించి చెవి బయటికి పెట్టాను. గాలి తప్ప ఏమీ వినిపించలేదు.