వరాలప్ప ఇచ్చేసిన గ్లాసు

దగ్గరగా జరిగి కూర్చోండి, ఇది అరిచి చెప్పే కబురు కాదు. ఇప్పుడే మీరు తాగిన టీ గ్లాసులు తొట్టిలో ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆ చప్పుడు వింటే నాకు వరాలప్ప గుర్తొస్తుంది.

ఎనభైల చివర్లో మేం ఉత్తరాదిన హిందీ మాట్లాడే ఒక ఉక్కు ఊళ్ళో, బారిడీహ్ పేటలో ఉండేవాళ్ళం. నేనొక కర్మాగారం సామాన్ల గిడ్డంగిలో టీ అందించేదాన్ని. అక్కడి కంప్యూటర్ గదికి వరాలప్ప పెద్ద. శ్రీకాకుళం వైపు మనిషి, అక్కను అటు అప్ప అంటారు; మా ఊళ్ళోనే భాలుబాసా పేటలో కాపురం. గదిలో ఒకటే పెద్ద యంత్రం. దానికి తగిలించిన తెరల ముందు గుమాస్తాలు కూర్చుని ఏ సామాను ఎక్కడుందో చూసి చెప్పేవారు. మధ్యాహ్నమయ్యేసరికి ఇంకొక్క ఫైలు కూడా తెరవనని యంత్రం మొరాయించేది. కిటికీ దగ్గర ఫిట్టర్లు "అరే భాయ్, బేరింగ్ దేగా కి నహీ?" అని, బేరింగ్ ఇస్తావా లేదా అని కేకలు.

"ఏటప్పా, దీనికేటి రోగం?" అన్నానొకనాడు.

"తాగినోళ్లు ఖాళీ గ్లాసు ఇవ్వకపోతే కొత్తోడికి దేంట్లో పోత్తావే గౌరీ? ఇదీ అంతే. ఇన్ని ఫైళ్లేనని దానికో హద్దుంది. ఒకటి మూత్తేనే ఇంకోటి తెరుత్తాది."

"మరైతే గ్లాసులు కొనిపిత్తే పోద్ది గదా!"

"ఇంజనీరుబాబు అదే సేసినాడు, హద్దు పెంచినాడు. నాల్రోజులు బాగుంది, మళ్లీ మామూలే. ఈళ్లు మూత్తే గదా!"

అందుకే రోజూ గదంతా తిరిగి అరిచేది: "కామ్ ఖతమ్, తో బంద్ కరో!" పనైపోతే బంద్ చెయ్యండని.

"కర్ దియా దీదీ, రోజ్ కర్తే హై," అనేవాడు గుమాస్తాల్లో ఒకడైన మిశ్రా. చేసేశాం, రోజూ చేస్తూనే ఉన్నామన్నా ఆమె నమ్మేది కాదు. అబద్ధాలకోరులని తిట్టేది. వాళ్ళు ఆమెతో కూర్చుని టీ తాగడం మానేశారు.

చివరికి సామాను అందక ఒక కొలిమి మరమ్మతు ఆగిపోయింది. పెద్దసారు ఆమెను ఆ కుర్చీలోంచి తీసి వేరే సెక్షన్‌కి పంపాడు. వెళ్తూ తన గ్లాసు తనే కడిగి నా బుట్టలో పెట్టింది.

"నా గ్లాసు ఇచ్చేసినానే. నా మాటే ఎవులూ ఇన్నేదు."

ఆమె తర్వాత వచ్చిన కొత్త ఇంజనీరు మిశ్రా పక్కన కూర్చుని, "ఏదీ, బంద్ కరో," అన్నాడు. మిశ్రా ఠక్కున తెర మీట నొక్కాడు. తెర ఆరిపోయింది, లోపల ఫైలు తెరిచే ఉంది! అందరూ రోజూ చేసింది అదే. దీపమార్పినా, తలుపేసినా, కొట్టు కట్టినా మా ఊళ్ళో అన్నిటికీ ఒకటే మాట, బంద్. ఆమె చెప్పిందీ నిజమే, వాళ్ళు విన్నదీ నిజమే.

ఆ సంగతి చెబుదామని భాలుబాసా పరిగెత్తాను. ఇంటికి తాళం. భర్తకు బదిలీ అయిందన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియలేదు. మర్నాడు మిశ్రా టీ అందుకోకుండా "దీదీ మిలీ?" అన్నాడు, అక్క కనబడిందా అని. ఇంటికి తాళం వేసుందని చెప్పి గ్లాసు అతని బల్ల మీద పెట్టాను.

అప్పటినుంచి నా ఇంట్లో ఎవరైనా "చెప్తే వినరు" అని కసిరితే, ఏం విన్నారో ముందు అడగమంటాను. మీ ఇంట ఒకరి మాట ఒకరికి చేరాలి తల్లీ. అలిగి గడప దాటిన వాళ్ళు, చెప్పాల్సింది చెప్పుకునే వేళకు మళ్ళీ మీ కళ్ళెదుట ఉండాలి.