మైలుతుత్తం నీళ్ళు

నా చిన్నప్పుడు, ఫిల్మ్‌నగర్‌లో మా పక్కింటి మామ్మగారి చేపలన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి. ఆవిడ అన్నం మెతుకులు వేయడం వల్లే చచ్చాయని రెండిళ్ళవాళ్ళూ నమ్మారు. ఆవిడ కూడా నమ్మింది. కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను నోరు విప్పలేదు. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాయాలని ఇన్నాళ్ళకి కూర్చున్నాను.

అవి మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా వైపు ఇళ్ళు కట్టుకుంటున్న రోజులు. మామ్మగారి అబ్బాయి ఎడిటరు. రాత్రుళ్ళు పనిచేసి పగలు పడుకునేవారు, ఇంట్లో గట్టిగా మాట్లాడే వీల్లేదు. మద్రాసులో మామ్మగారు పిట్టగోడ దగ్గర నిలబడితే నలుగురు పలకరించేవారట. ఇక్కడ చూస్తే బండరాళ్ళు, సగం కట్టిన ఇళ్ళు, ఎత్తు గోడలు. అందుకని మామ్మగారు హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని చేపలతో మాట్లాడేది.

ఆ గాజుతొట్టి మామ్మగారి మనవరాలిది. డిగ్రీ చదివేది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. తొట్టి సూట్‌కేసంత ఉండేదేమో. అడుగున ఇసుక, అందులో రిబ్బన్లలాంటి ఆకుల మొక్కలు, వాటి మధ్య గప్పీ చేపలు. ఒకసారి కొత్త మొక్క ఏదో కొనుక్కొచ్చి నాటింది. దాని ఆకుల వెనక జిగురుగా గుడ్లున్నాయని ఎవరూ చూసుకోలేదు. చూస్తూండగానే అద్దం నిండా మినపగింజలంత నత్తలు పాకడం మొదలుపెట్టాయి.

నేనైతే తొట్టి మొత్తం పారబోసి కడిగేద్దామన్నాను. అక్క నవ్వి, సాయంత్రం ఒక క్యాబేజీ ఆకుకి చిన్న రాయి కట్టి నీళ్ళలోకి జారవిడిచింది. పొద్దున్నే నన్ను పిలిచి ఆ ఆకుని కదలకుండా పైకి తీసి చూపించింది. దాని అడుగంతా నత్తలే. ఆకుల వెనకున్న గుడ్లని గోటితో గీకి తీయడం కూడా నేర్పింది. "నత్తలు చేసిన తప్పేం లేదురా. తిండి మిగిలిన చోట పెరుగుతాయి. మనం వేసేది తగ్గిస్తే అవే తగ్గుతాయి" అంది. రోజూ కొంచెం కొంచెంగా తగ్గుతున్నాయి కూడా.

తగ్గనిది మామ్మగారి చెయ్యి. మెతుకులు వేయొద్దని అక్క చెబితే "సరేలేవే" అనేది. అక్క కాలేజీకి వెళ్ళగానే వేళ్ళ మధ్య రెండు మెతుకులు నలిపి నీళ్ళలో వదిలేది. నేను చూస్తే, "అది నా వంకే చూస్తోందిరా అబ్బాయ్, ఎలా ఊరుకోమంటావు? నువ్వు మీ అక్కకి చెప్పకు" అనేది. నేను చెప్పేవాణ్ణి కాదు.

అక్క కాలేజీవాళ్ళతో నాగార్జునసాగర్ వెళ్తూ ఆకు వేసి తీసే పని నాకు అప్పజెప్పింది. తిరిగొచ్చేసరికి తొట్టిలో ఒక్క నత్త కూడా లేకుండా చేసి ఆశ్చర్యపరచాలనుకున్నాను. మా పెరట్లో నిమ్మచెట్టుంది. వానాకాలం వస్తే నత్తలు ఎక్కకుండా మా నాన్న సున్నంలో మైలుతుత్తం కలిపి చెట్టు మొదలుకి పూసేవారు, అది మా గుంటూరు వైపు అలవాటు. చెట్టు మీద నత్తల్ని ఆపింది నీళ్ళలో ఆపదా అనుకున్నాను. డబ్బాలోంచి చెంచాడు తీసి గ్లాసు నీళ్ళలో కలిపాను. భలే నీలంగా వచ్చాయి. సాయంత్రం మామ్మగారు వంటింట్లో ఉన్నప్పుడు తొట్టిలో పోసి, ఆ నీలం కనపడకుండా కలిసిపోయాక, ఆకు కూడా వేయకుండా ఇంటికొచ్చేశాను.

పొద్దున్నే పరిగెత్తుకెళ్ళాను. మొదట నాకేమీ కనపడలేదు. నీళ్ళు గంజిలా తెల్లబడి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే నీచు వాసన. నత్తలన్నీ ఇసుక మీద రాలి ఉన్నాయి, నేను కోరుకున్నట్టే. ఆ పైన, నీళ్ళ అంచున, చేపలు పొట్టలు పైకి తేలి ఉన్నాయి. ఒకదాని తోక ఇంకా ఆడుతోంది. మామ్మగారు తొట్టి అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

చప్పుడుకి ఎడిటరుగారు లేచొచ్చారు. తొట్టి అడుగున ఉబ్బిన మెతుకులు ఆయనకీ కనపడ్డాయి. "ఏంటమ్మా, చేపలకి పెళ్ళిభోజనం పెట్టావా?" అన్నారు. మామ్మగారు కొడుకు వైపు తిరిగి, "నేనే వేశాను నాయనా. అది వద్దంటూనే ఉంది" అంది.

అప్పుడు చెప్పాల్సింది. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను.

అక్క తిరిగొచ్చాక అరవలేదు. ఖాళీ తొట్టి కడుగుతూ "చెప్పాను కదా నాన్నమ్మా" అని మాత్రం అంది. ఆ తర్వాత కొత్త చేపలు వచ్చాయి. మామ్మగారు తన కుర్చీని వెనక గదిలోకి మార్చుకుంది. పెరట్లో చిక్కుడు పాదుకి నీళ్ళు పోయడానికి కూడా "పోయనా?" అని కోడల్ని అడగడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని మనిషి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ పొద్దుటి తొట్టి గుర్తొచ్చేది. మొదట్లో దెబ్బలకి భయపడి చెప్పలేదు. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. ఇంతలో వాళ్ళు వెంగళరావు నగర్ వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఎక్కడైనా పెద్దవాళ్ళు "నా వల్లే అయింది" అని తొందరగా ఒప్పేసుకుంటే నేను నమ్మలేను. ఆ గదిలో ఇంకా ఎవరున్నారా అని చూస్తాను.

నాకు నడివయసు వచ్చాక ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. మామ్మగారు మంచం మీద కూర్చుని ఉంది, తొంభై దాటాయి. అక్క నాకు కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఇదే అదనని గొంతు తగ్గించి మొదలుపెట్టాను. మామ్మగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపడదురా అబ్బాయ్, గట్టిగా చెప్పు" అంది. ఇన్నేళ్ళు దాచిన మాటని ఇల్లంతా వినేలా అరిచి చెప్పాల్సొచ్చింది. "మామ్మగారూ, ఆ చేపల్ని చంపింది నేను. మైలుతుత్తం పోశాను."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మామ్మగారు నా వైపు వంగింది.

"మెతుకులు కాదా?"

"కాదండీ."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, నా తల నిమరలేదు. గుమ్మంలోకి వచ్చిన అక్కని వేలితో చూపించింది. "నాక్కాదు. దానికి చెప్పు."

లేచి నిలబడి అక్క వైపు తిరిగాను. నిమ్మచెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి, డబ్బా, చెంచా, నీలం నీళ్ళు, ఏదీ వదలకుండా చెప్పాను. "మామ్మగారి తప్పేం లేదక్కా, నన్ను క్షమించండి" అని ఇద్దరికీ కలిపి అన్నాను.