ఇన్సూరెన్స్ కార్యదర్శి గారి గెలుపు

ఈ పొద్దున అల్ సద్‌లో మెట్రో దిగుతుండగా ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. చేతులు జోడించి నవ్వుతున్నాడు మా తోడల్లుడు. ఇక్కడ గల్ఫ్‌లో మా తెలుగు సంఘానికి ఈసారి అధ్యక్షుడిగా నిలబడుతున్నాడట. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు దాన్ని కార్మికులుండే క్యాంపు క్యాంపుకీ వెంటబెట్టుకుని తిప్పింది నేనే.

అప్పట్లో ఆయన పోటీ చేసింది ఇన్సూరెన్స్ కార్యదర్శి పదవికి. కార్మికుల దగ్గర ఫారాలు తీసుకుని బీమాలో చేర్పించడం తప్ప ఆ పదవికి వేరే పని లేదు. శుక్రవారాలు ఏషియన్ టౌన్‌లో క్రికెట్ చూసే జనంలోకి దూరిపోయేవాడు. పుట్టింది గోదావరి జిల్లాలోనైనా, కరీంనగర్ వాళ్ళని “ఎట్లున్నవ్ తమ్మీ” అనీ, కడప వాళ్ళని “ఏమబ్బా, బాగుండావా” అనీ పలకరించేవాడు. మా ఇంటికొస్తే మాత్రం మంచినీళ్ళు కూడా ఇంగ్లీషులోనే అడిగేవాడు. గెలిచాడు.

అల్ హిలాల్‌లో హౌస్ డ్రైవర్‌గా చేసే కడప అతనొకడు ఫారం నింపి, ఫొటో అంటించి, నా ఎదుటే ఆయన చేతికిచ్చాడు. కొన్నాళ్ళకి సేఠ్ ఇంట్లో నిచ్చెన మీంచి పడి అతని తుంటి విరిగింది. చూస్తే బీమా జాబితాలో పేరే లేదు. ఆ వారమే మా తోడల్లుడి కారు అడిగి తీసుకెళ్ళాను. డిక్కీలో, ఎన్నికల కరపత్రాల కింద, ఫారాల కట్ట కనిపించింది. అతని ఫొటో పైనే ఉంది.

“పనుల్లో పడి మర్చిపోయాను తమ్ముడూ. బయటపెడితే పోయేది మన ఇంటి పరువే,” అన్నాడాయన. అక్క మొహం చూడమని మా ఆవిడ ఏడ్చింది. నోరు మూసుకున్నాను.

మళ్ళీ ఎన్నికలొచ్చాక ఆగలేక, సభలో లేచి, డిక్కీలోంచి తీసి దాచిన ఆ ఫారం చూపించాను. ఆయన మైకు అందుకుని, “మా తమ్ముడికి నా మీద ఇంటి కోపం లెండి,” అన్నాడు. హాలంతా నవ్వింది. ఆసారి ఇంకా ఎక్కువ ఓట్లతో గెలిచాడు.

కర్రల సాయంతో ఊరికి వెళ్ళిపోతున్న డ్రైవర్‌ని ఎయిర్‌పోర్టులో దింపాను. “సారును ఇంగేమీ అనొద్దులేన్నా. మా ఊరోళ్ళు ఇంగా ఈడనే ఉండారు, ఆయప్పతో పనిపడ్తాది,” అన్నాడు.

ఏళ్ళు గడిస్తే కోపం తగ్గుతుందనుకున్నాను. ఆయన మీద రవ్వంత కూడా తగ్గలేదు. నేను నోరు మూసుకున్న ఆ నెలల మీద మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది.