బీరువాల కింది గీత

పాత కట్టడాల కింద నేల ఎంత గట్టిదో చూడడం మా మేనమామ పని. చక్రాల మీది రాడార్ పెట్టెను తోసుకుంటూ పోతే లోపల గుల్ల ఎక్కడుందో తెర మీద కనపడుతుంది. అరమీటరుకొక సుద్దగీత గీసి, ప్రతి గీత మీదా నడవాలి. నోట్లో నాలుక లేని మనిషి. "నేల లోపలిది కనపడుతుంది గానీ కాళ్ల ముందు చెప్పులు కనపడవు" అని అత్తయ్య దెప్పేది.

మా అమ్మ ఆయనకు అక్క. నూటయాభై ఏళ్ల గ్రంథాలయంలో ఉద్యోగం. దాని గోడ బీటలిస్తే పరీక్షకు ఆయన్నే పంపారు. హాలంతా తిరిగాడు. నడిమి బీరువాల కింద ఒక్క గీత మిగిలింది.

"వీటిని జరపాలక్కా."

"జరపాలంటే పుస్తకాలన్నీ నేనే దించాలిరా. నా నడుం సంగతి నీకు తెలీదూ? అటూ ఇటూ చూశావుగా, మధ్యలో ఏముంటుంది?"

తనను ఎత్తుకు తిరిగిన నడుం అది. సరేనన్నాడు. ఈ మాటలు నాకు తెలిసింది చాలా ఆలస్యంగా.

కంప్యూటర్ రెండు పక్కల గీతల్నీ కలిపి మధ్య ఖాళీని తనే పూడ్చింది. పటం నున్నగా వచ్చింది. నేల గట్టిదని నివేదిక వెళ్లింది.

సరిగ్గా ఆ గీత వెంబడే ఎప్పటిదో ఇటుకల మురుగుకాలువ ఉంది. వానాకాలంలో దాని కప్పు కూలింది. దుమ్ము దులుపుతున్న అమ్మ మీద బీరువాలు పడ్డాయి. అమ్మ మాకు దక్కలేదు.

విచారణలో నెపం వాన మీదకు నెట్టారు. మామయ్య నోరు మూసుకుంటే సరిపోయేది. మా ఇంటికొచ్చి ముందు నాకే చెప్పాడు.

"ఆ గీత నేను నడవలేదమ్మా. రేపు వాళ్లకీ చెప్తాను."

తలుపు ముఖం మీదే వేశాను. ఆయన ఉద్యోగం పోయిందని తెలిస్తే, బాగా అయిందనుకున్నాను. అంత పాపిష్టిదాన్ని. రెండేళ్లు మాట్లాడలేదు.

మొన్న విచారణ కాగితాలు మా చేతికొచ్చాయి. అందులో ఆయన దిద్ది ఇచ్చిన పటం ఉంది. నడుమ ఒక పట్టీ తెల్లగా వదిలేశాడు. దాని మీద "ఇక్కడ చూడలేదు. అక్క వద్దంది" అని రాసి, చివరి రెండు మాటలూ కాగితం చిరిగేలా కొట్టేశాడు.

చెప్పులైనా సరిగా వేసుకోకుండా వాళ్లింటికి పరిగెత్తాను. తలుపు తీసింది ఆయనే. బాగా చిక్కిపోయాడు.

"చూసి రామ్మా, గడప దగ్గర నేల కాస్త దిగింది" అన్నాడు.

ఆ గడప మీదే కూలబడి ఏడ్చాను.