బ్లూక్రీక్ వాళ్ళతో మీటింగ్

టెక్సాస్‌లోని ప్లేనోలో చక్రపాణి పనిచేసే ఆఫీసులో ఎవరినడిగినా అతని గురించి రెండు ముక్కలు చెబుతారు. పనిమంతుడు, పాపం ఆ బ్లూక్రీక్ వెండర్‌తో నానా తంటాలు పడుతుంటాడు అని. మొదటి మాట నిజమే. రెండోది పచ్చి అబద్ధం. బ్లూక్రీక్ అనే కంపెనీ భూమ్మీద ఎక్కడా లేదు.

దాన్ని చక్రపాణే పుట్టించాడు, మూడేళ్ళ క్రితం. అప్పుడు కూతురు వేద ఫస్ట్ గ్రేడ్. ఈత క్లాసుకి తీసుకెళ్ళాలి, పళ్ళ డాక్టరుకి చూపించాలి, టీచర్‌ని కలవాలి. ఆ మాట ఆఫీసు క్యాలెండర్‌లో రాయడానికి అతనికి చెయ్యి రాలేదు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడు పిల్లల పేరు చెప్పి ఆఫీసులోంచి బయటికి నడిస్తే, లేఆఫ్ లిస్టులో వాడి పేరు పైకి పాకుతుందని ఎవరో స్నేహితుడు చెవిన వేశాడు. చెప్పినవాడు మరిచిపోయాడు, విన్నవాడు మరిచిపోలేదు. 'వెండర్ కాల్, బ్లూక్రీక్' అని రాసుకుని గంటసేపు మాయమయ్యేవాడు. ఆ గంట పనిని మర్నాడు పొద్దున్నే లేచి పూర్తిచేసేవాడు. కూతురి దగ్గరికి దొంగచాటుగా వెళ్ళే తండ్రిని ఏమనాలి? మంచివాడే, కానీ ఉత్త పిరికివాడు.

ఇంతా చేసి నిరుడు దెబ్బతిన్నాడు. వేద క్లాసు వాళ్ళ పాటల ప్రోగ్రామ్ రోజునే అసలుసిసలు మీటింగ్ వచ్చిపడింది. భార్య అనురాధ తీసిన వీడియోలో ముందు నిలబడి పాడుతున్న పిల్లని చూసి, "భలే పాడావు తల్లీ" అన్నాడు.

"అది నేను కాదు నాన్నా. నేను బ్యాక్ రో" అంది వేద.

ఆ పూట అతనికి అన్నం సయించలేదు. ఈ ఏడాది ఏమైనా సరే వస్తానని మాటిచ్చాడు.

ఈ ఏడాది ఫోర్త్ గ్రేడ్ వాళ్ళది మైనపు బొమ్మల మ్యూజియం. పిల్లలు పేరున్నవాళ్ళ వేషాలు వేసుకుని జిమ్‌లో బొమ్మల్లా నిలబడతారు. ఎదురుగా అంటించిన ఎర్రకాగితం మీద ఎవరైనా నొక్కితే ప్రాణం వచ్చినట్టు తమ కథ చెప్పి, మళ్ళీ బిగుసుకుపోతారు. వేదది అంతరిక్షానికి వెళ్ళివచ్చిన ఒకావిడ వేషం. శుక్రవారం రెండింటి నుంచి రెండున్నర దాకా. అనురాధకి ఆ రోజు ఫార్మసీలో సెలవు దొరకలేదు. వేద కోసం వచ్చేది ఇక అతనొక్కడే.

గురువారం హడావుడిలో చక్రపాణి కొత్త మీటింగ్ పెట్టుకోకుండా, టీమ్‌తో జరిగిన పాత మీటింగ్ ఒకటి కాపీ చేసి పేరు మార్చాడు. అందులో పదకొండు మంది ఉన్నారన్న సంగతి చూసుకోలేదు. పిలుపు అందరికీ వెళ్ళిపోయింది.

శుక్రవారం ఐదు తక్కువ రెండుకి తాముండే కాపెల్‌లోని స్కూలు పార్కింగ్‌లో కారు ఆపాడో లేదో, ఫోన్ మోగింది. పావుగంట నుంచీ పదకొండు మందీ కాల్‌లో అతని కోసమే చూస్తున్నారు. అక్కడ అర్ధరాత్రి దాటినా హైదరాబాద్ టీమంతా మేలుకుని కూర్చుంది. అందరికన్నా ముందు చేరినవాడు మేనేజర్ రామమోహన్.

"రావయ్యా చక్రపాణీ. మూడేళ్ళ నుంచి నువ్వొక్కడివే వాళ్ళతో తలబాదుకుంటున్నావు, ఒక్క ఇష్యూ కూడా క్లోజ్ అవ్వలేదు. ఇవ్వాళ నేను మాట్లాడతా. వాళ్ళ సైడ్ నుంచి ఎవరూ జాయిన్ కాలేదేం?"

వాళ్ళు క్యాన్సిల్ చేశారని ఇంకో అబద్ధం ఆడొచ్చు. ఆడితే రామమోహన్ ఊరుకుంటాడా, అయితే మనమే ఇష్యూలన్నీ లిస్ట్ చేద్దాం కూర్చోండి అంటాడు. ఉన్నదే అరగంట. గేటు దగ్గర తల్లిదండ్రులు ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు.

"రామమోహన్ గారూ, బ్లూక్రీక్ అనేదే లేదండీ. మా అమ్మాయి స్కూల్లో ప్రోగ్రామ్ ఉంది. ఇక్కడే పార్కింగ్‌లో ఉన్నాను. పాప పని ఎప్పుడు పడ్డా అలాగే రాసేవాణ్ణి. సారీ అండీ."

రామమోహన్‌కి జనవరి గుర్తొచ్చింది.

"మరి జనవరిలో క్రిటికల్ కాల్ అని రెండు గంటలు బ్లాక్ చేశావు?"

"పాపకి పన్ను పీకించామండీ."

హైదరాబాద్ టీమ్‌లోని నమ్రత మ్యూట్ చేసుకోవడం మరిచిపోయి పక్కున నవ్వింది. దాంతో మిగతావాళ్ళూ అందుకున్నారు.

"వాళ్ళ మీద పైనున్న వీపీకి రెండుసార్లు కంప్లైంట్ చేశానయ్యా నేను!" అన్నాడు రామమోహన్. ఆ తర్వాత అతనికీ నవ్వాగలేదు. "నీ పని ఒక్కరోజైనా ఆగిందా? లేదు కదా. అడిగితే వద్దంటానా? ఇకమీద అమ్మాయి పేరే రాయి. వీపీ సంగతి నేను చూసుకుంటా. ఇవ్వాళ మళ్ళీ లాగిన్ అయ్యావంటే మాత్రం ఊరుకోను. వెళ్ళు."

"సార్, మరి మేం పడుకోవచ్చా?" అంది నమ్రత.

చక్రపాణికి గుండెల మీంచి బండ దించినట్టయింది. మూడేళ్ళుగా తనని భయపెట్టింది రామమోహన్ కాదు, తన భయమే. కళ్ళలో నీళ్ళూ, నవ్వూ ఒకేసారి వచ్చాయి. కారు తలుపు వేసి జిమ్ వైపు పరుగెత్తాడు.

తెల్ల సూటులో వేద బొమ్మలా నిలబడి ఉంది. చూపు మాత్రం గుమ్మం మీదే ఉంది. నాన్న కనబడగానే పెదవులు అదిరాయి. నవ్వకూడదు కాబట్టి బిగబట్టుకుంది. అతను ఎర్రకాగితం నొక్కాడు. అమెరికా యాస ఇంగ్లీషులో, ఒక్క మాట తడబడకుండా కథంతా చెప్పి మళ్ళీ బొమ్మయిపోయింది. అతను మళ్ళీ నొక్కాడు. మళ్ళీ చెప్పింది. మూడోసారీ నొక్కాడు. అదీ అయ్యాక బొమ్మ పెదవులు కదిలీ కదలనట్టు గుసగుసలాడింది.

"నాన్నా, నీ వెనక లైన్ ఉంది. అందరికీ టర్న్ రావాలి."

"ఇంకొక్కసారి వింటానమ్మా."

"అయితే బ్యాక్‌కి వెళ్ళి నిలబడు. వెళ్ళిపోవు కదా?"

"వెళ్ళను తల్లీ."

చక్రపాణి వెళ్ళి లైన్ చివర నిలబడ్డాడు.